వ్లాద్ కోట చూడాలంటే బ్రాన్ ఒక్కటే చాలదు

రొమేనియా వెళ్లినవాళ్లు వ్లాద్ త్సెపెష్ (డ్రాకులా పేరుతో ముడిపడ్డ 15వ శతాబ్దపు వలాకియా పాలకుడు) కోట అనుకుని బ్రాన్ కోట చూసి వచ్చేస్తారు. దానితో ఆయనకున్న సంబంధం అంతంతమాత్రమే. ఆయన బాగుచేయించి వాడుకున్న అసలు దుర్గం పొయెనారి. కుర్తేయా దె అర్జెష్ పట్టణం నుంచి సుమారు 25 కిలోమీటర్లు, ఆపైన అడవిలో 1,480 కాంక్రీటు మెట్లు. వాన పడితే జారతాయి, పట్టున్న బూట్లు వేసుకోండి, మనిషికి లీటరు నీళ్లు తప్పనిసరి. అక్కడ ఎలుగుబంట్లు తిరుగుతాయి, ఒక్కోసారి దారే మూసేస్తారు. కాబట్టి బయల్దేరేముందే కనుక్కోండి, వాసనొచ్చే తిండి సంచిలో పెట్టుకోకండి. మోకాళ్లు సహకరించకపోతే తర్గోవిష్తె వెళ్లండి: ఆయన రాజధాని, 27 మీటర్ల కిందియా బురుజు నిజంగా చూడదగ్గది. బ్రాన్ కూడా చూస్తారా? సోమవారం మధ్యాహ్నం 12కి గానీ తెరవరు.