కాన్పు ఎవరిదైనా వైద్యం ఒకేలా అందాలంటే: ఆసుపత్రులూ బీమా సంస్థలూ చేయాల్సిన పనులు

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే-5 (2019-21) ప్రకారం తెలంగాణలో నూటికి 60.7 కాన్పులు సిజేరియన్లే. ప్రైవేటు ఆసుపత్రుల్లో అయితే 81.5, ప్రభుత్వ ఆసుపత్రుల్లో 44.5. ఆంధ్రప్రదేశ్‌లో మొత్తమ్మీద 42.4. ఒక జనాభాలో సిజేరియన్లు నూటికి పది దాటాక తల్లీబిడ్డల మరణాలు అంతకంటే తగ్గవని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లోనే చెప్పింది. అదే సర్వేలో ఇంకో అంకె ఉంది. మన రెండు రాష్ట్రాల్లోనూ గర్భిణుల్లో సగానికి పైగా రక్తహీనతతో ఉన్నారు. ఒకామెకు అక్కర్లేని కోత పడుతోంది, ఇంకొకామె ఒంట్లో రక్తం లేకుండానే నొప్పులకు వస్తోంది. అసమానతకు ఇవి రెండు ముఖాలు, రెండింటినీ సరిచేసే మార్గాలు ఉన్నాయి. మంచి మాటల పోస్టర్లతో మాత్రం అది జరగదు. ధర ఎలా కడుతున్నాం, ఏ అంకె దగ్గర డాక్టర్ని పిలుస్తున్నాం, ఇంటికి పంపాక ఎవరు చూస్తున్నారు అన్నచోట జరుగుతుంది.

ముందు లెక్క విడదీయండి

"మా దగ్గరికి కష్టమైన కేసులే వస్తాయి" అన్న మాట ప్రతి ఆసుపత్రిలోనూ వినిపిస్తుంది. అది నిజమో కాదో తేల్చేది రాబ్సన్ వర్గీకరణ. కాన్పు అయిన ప్రతి తల్లినీ పది గుంపుల్లో ఏదో ఒకదానిలో వేస్తారు. అందుకు ఆరు వివరాలు చాలు: ఇది ఎన్నో కాన్పు, ముందు సిజేరియన్ అయిందా, బిడ్డ ఒకరా కవలలా, తల కిందికి ఉందా, ఎన్ని వారాలు నిండాయి, నొప్పులు వాటంతట అవే వచ్చాయా. లేబర్ రూమ్ రిజిస్టరులో ఆరు గడులు పెంచితే సరిపోతుంది, సాఫ్ట్‌వేర్ కోసం ఆగనక్కర్లేదు.

మొదట చూడాల్సినవి ఒకటో గుంపు, రెండో గుంపు. ఇద్దరిదీ తొలి కాన్పే, ఒకే బిడ్డ, తల కిందికి ఉంది, 37 వారాలు నిండాయి. నొప్పులు వాటంతట వచ్చినవాళ్లు ఒకటిలోకి, నొప్పులు తెప్పించినవాళ్లూ నొప్పులు రాకముందే ఆపరేషన్ చేసినవాళ్లూ రెండులోకి వస్తారు. ఇక్కడ పడిన కోతే రెండో కాన్పుకు ఆమెను ఐదో గుంపులోకి, అంటే ముందు సిజేరియన్ అయినవాళ్లలోకి, నెడుతుంది. అక్కడి నుంచి నార్మల్ కావడం మన ఆసుపత్రుల్లో అరుదు. కాబట్టి తొలి కాన్పును కాపాడితే రెండో కాన్పునూ కాపాడినట్టే.

ఆ పక్కనే మరో నాలుగు గడులు కావాలి: డబ్బు ఎవరు కట్టారు (సొంతం, బీమా, ప్రభుత్వ పథకం), ఊరి నుంచి ఎంత దూరం, ఇంట్లో ఏ భాష మాట్లాడతారు, బిడ్డ పుట్టిన రోజు, గంట. ఈ చివరిది చాలా చెబుతుంది. ఆపరేషన్లన్నీ పగటిపూట కుప్పబడి ఆదివారం ఖాళీగా ఉంటే అది వైద్య కారణం కాదు, డ్యూటీ చార్టు కారణం. పంచాంగంలో మంచి రోజున ఒక్కసారిగా పెరిగితే అది ముహూర్తం. వైద్య కారణం లేని ఆపరేషన్ 39 వారాలు నిండకముందు చేయరాదని ఆసుపత్రి రాతపూర్వకంగా నియమం పెట్టుకుంటే, ముహూర్తం చీటీ పట్టుకొచ్చిన పెద్దలకు డాక్టరు ఒంటరిగా జవాబు చెప్పాల్సిన అవసరం ఉండదు. ముందే తీసిన బిడ్డకు ఊపిరి ఇబ్బంది వస్తుందని, నవజాత శిశువుల ఐసీయూలో ఉంచాల్సి రావచ్చని అప్పుడు చెబితే వాళ్లూ వింటారు.

ఒక గుంపులో ముప్పై మంది కూడా లేనప్పుడు నెలవారీ శాతాలు పోల్చకండి, ఆరు నెలలకు కలిపి చూడండి. కులం, ఆదాయం లాంటివి అడిగితే ఎందుకు అడుగుతున్నారో చెప్పి, ఇష్టమైతేనే రాయించుకోవాలి. అవి కేస్ షీట్ మీద కనబడకూడదు. బీమా సంస్థ వాటిని ప్రీమియం లెక్కకు వాడకూడదని ఒప్పందంలోనే రాసుకోవాలి.

బీమా సంస్థ చేతిలో ఉన్న పెద్ద మీట: ధర

ఇప్పుడు చాలా ఒప్పందాల్లో నార్మల్‌కు ఒక ధర, సిజేరియన్‌కు అంతకంటే ఎక్కువ ధర ఉంటుంది. ఉదాహరణకు నార్మల్‌కు 40,000, సిజేరియన్‌కు 70,000 అనుకుందాం. వంద కాన్పుల్లో 60 సిజేరియన్లయితే ఆసుపత్రికి వచ్చేది 58 లక్షలు. అదే ఆసుపత్రి కష్టపడి, నర్సులను పెంచి, సిజేరియన్లను 45కు దించితే వచ్చేది 53.5 లక్షలు. మంచి పని చేసినందుకు నాలుగున్నర లక్షలు పోయినట్టు! పైగా నార్మల్ కాన్పుకు పన్నెండు గంటలు పక్కన మనిషి ఉండాలి, ఆపరేషన్ గంటలో అయిపోతుంది. ఈ లెక్క మార్చకుండా డాక్టర్ల మనసు మార్చాలనుకోవడం వృథా.

ఒకే ధర పెట్టండి. పై ఉదాహరణలో కాన్పు ఏదైనా 58,000. బీమా సంస్థకు మొదటి ఏడాది ఒక్క రూపాయి కూడా అదనపు ఖర్చు లేదు. సిజేరియన్లు తగ్గితే మిగిలేది ఆసుపత్రికే, ఆ డబ్బుతో రాత్రి డ్యూటీకి మిడ్‌వైఫ్‌ను (కాన్పులు చేసే నర్సును) పెట్టుకోవచ్చు.

ఇది చెడేది ఒకేచోట. ఒకే ధర అనగానే కొన్ని ఆసుపత్రులు కష్టమైన కేసులను గేటు దగ్గరే వేరేచోటికి పంపేస్తాయి. పోయేది మళ్లీ పేదింటి ఆడపిల్లే, ఎందుకంటే బీపీతో, రక్తహీనతతో ఆలస్యంగా వచ్చేది ఆమే. అందుకని రక్తం ఎక్కించడం, తల్లికి ఐసీయూ, 34 వారాల లోపు బిడ్డ, ఫిట్స్ వచ్చిన తల్లి, వీటికి ఒకే ధరతో సంబంధం లేకుండా విడిగా చెల్లించాలి. వచ్చినవాళ్లలో ఎందరిని చేర్చుకోకుండా పంపారో నెలనెలా అడగాలి. ప్రాణం నిలబెట్టి, మొదటి మందు ఇచ్చి, చీటీ రాసి పంపిన ఆసుపత్రికి ఆ పనికి కూడా డబ్బు కట్టాలి.

పాలసీ కాగితంలో దాగిన కంతలు

విడి పాలసీల్లో ప్రసూతి ఖర్చుకు తొమ్మిది నెలల నుంచి కొన్నేళ్ల దాకా నిరీక్షణ కాలం పెడుతున్నారు. కంపెనీ ఉద్యోగి గ్రూపు పాలసీలో చాలాసార్లు అది మొదటి రోజు నుంచే ఉంటుంది. అంటే బట్టల షాపులో పనిచేసే అమ్మాయికీ ఐటీ ఉద్యోగికీ తేడా అక్కడే మొదలైంది. నిరీక్షణ కాలాన్ని తొమ్మిది నెలలకు దించడం, ఆలోపు వచ్చే ప్రాణాపాయాన్ని, అంటే గర్భసంచిలో కాక ట్యూబులో గర్భం, అధిక రక్తస్రావం లాంటివాటిని, ప్రసూతి కింద కాక మామూలు అనారోగ్యం కింద కవర్ చేస్తామని స్పష్టంగా రాయడం బీమా సంస్థకు సాధ్యమే.

రెండో కంత రూమ్ రెంట్. రోజుకు 3,000 పరిమితి ఉన్న పాలసీతో 6,000 గది తీసుకుంటే, గది అద్దెలోనే కాదు, డాక్టరు ఫీజు, ఆపరేషన్ థియేటర్ ఖర్చులోనూ సగం కోస్తారు. ఇది చాలామందికి డిశ్చార్జి రోజున, బిడ్డను ఎత్తుకుని కౌంటర్ దగ్గర నిలబడ్డాక తెలుస్తుంది. గది ఎంచుకునే ముందే "ఈ గది అయితే మీ జేబులోంచి ఇంత" అని తెలుగులోనో ఉర్దూలోనో ఒక్క వాక్యంలో రాసి సంతకం తీసుకోవాలి.

మూడోది, 24 గంటలు చేరితేనే క్లెయిమ్ అన్న నియమం. దీనివల్ల సిర ద్వారా ఎక్కించే ఐరన్‌కు డబ్బు రాదు. దాన్ని ఒక్క రోజులో ముగిసే చికిత్సల (డే-కేర్) జాబితాలో చేర్చాలి. నాలుగోది, కాగితాల వేళ. క్యాష్‌లెస్ అనుమతి గంటలోపు, డిశ్చార్జి అనుమతి మూడు గంటల్లోపు ఇవ్వాలని బీమా నియంత్రణ సంస్థ 2024లో ఆదేశించింది. అయినా నొప్పులొచ్చాక ఫారం నింపడం దేనికి? 32వ వారం చెకప్‌లోనే కార్డు, గుర్తింపు, చివరి నెలసరి తేదీ తీసుకుని ముందస్తు నమోదు చేయండి. కార్డులో పుట్టింటి పేరు, ఆధార్‌లో అత్తింటి పేరు తేడా వచ్చి ఆగిపోయే కేసులు అప్పుడే సర్దుకుంటాయి.

నెలలు నిండేలోపు

గర్భిణికి రోజూ 60 మిల్లీగ్రాముల ఐరన్, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ మాత్ర 180 రోజులు, కాన్పు తర్వాత ఇంకో 180 రోజులు ఇవ్వాలి. హిమోగ్లోబిన్ 7 నుంచి 10.9 మధ్య ఉంటే రోజుకు రెండు. మాత్రలు ఇచ్చి పంపితే పని అయిపోలేదు. మలబద్ధకం, నల్లటి విరేచనం చూసి చాలామంది మానేస్తారు, కొందరు టీతో మింగుతారు. నెల తర్వాత రక్తం మళ్లీ పరీక్షించి, ఒక గ్రాము కూడా పెరగకపోతే, నాలుగో నెల నుంచి సిర ద్వారా ఇచ్చే ఐరన్, ఫెర్రిక్ కార్బాక్సీమాల్టోజ్, ఎక్కించవచ్చు. 1,000 మిల్లీగ్రాములు ఒక్క విడతలో, పావుగంటలో అయిపోతుంది. కూలి పనికి పోయేవాళ్లకు ఇది ముఖ్యం, ఎందుకంటే చెకప్ అంటే వాళ్లకు ఆ రోజు కూలి పోయినట్టే. రక్తపరీక్ష, స్కానింగ్, డాక్టరు చూపు ఒకే రోజు, ఒకే వరసలో అయ్యేలా చూడండి. ప్రభుత్వ ఆసుపత్రుల్లో ప్రతి నెల 9న జరిగే సురక్షిత మాతృత్వ చెకప్ రోజును కూడా అలాగే వాడుకోవాలి.

ఏజెన్సీలో ఇంకో చిక్కు. నొప్పులు మొదలయ్యాక డోలీ కట్టి కొండ దిగడం కంటే, తేదీకి వారం పది రోజుల ముందే ఆసుపత్రి దగ్గరి వసతి గృహానికి రావడం మేలు. రమ్మంటే సరిపోదు. ఇంట్లో ఉన్న పెద్ద పిల్లను కూడా వెంట తెచ్చుకోనివ్వాలి, తోడొచ్చిన అత్తకో తల్లికో భోజనం పెట్టాలి. ఆ రెండూ లేకే గదులు ఖాళీగా ఉంటాయి.

లేబర్ రూమ్‌లో అభిప్రాయం కాదు, అంకె

"ఊరికే అరుస్తోంది" అన్న ఒక్క మాట వల్ల ఆలస్యమయ్యేది ఎప్పుడూ నోరులేని మనిషికే. అందుకే డాక్టర్ని పిలవాలా వద్దా అన్నది నర్సు మీద, తల్లి గొంతు మీద ఆధారపడకూడదు. గోడ మీద ఈ అంకెలు రాయండి: పై బీపీ 90 కంటే తక్కువ లేదా 160 కంటే ఎక్కువ, కింది బీపీ 100 పైన, నాడి 50 లోపు లేదా 120 పైన, ఊపిరి నిమిషానికి 10 లోపు లేదా 30 పైన, ఆక్సిజన్ 95 లోపు, రెండు గంటలుగా మూత్రం గంటకు 35 మిల్లీలీటర్ల కంటే తక్కువ. తల్లి గాభరాపడుతున్నా, తికమకగా మాట్లాడుతున్నా అంతే. వీటిలో ఏ ఒక్కటి కనిపించినా డాక్టరు మంచం దగ్గరికి రావాలి, ఫోన్లో సలహా చెల్లదు. నల్లటి చర్మం మీద వేలికి పెట్టే ఆక్సిజన్ మీటరు ఉన్నదానికంటే కాస్త ఎక్కువ చూపించవచ్చు. కాబట్టి 96 చూసి నిశ్చింతపడకుండా ఊపిరిని నిమిషం పాటు లెక్కపెట్టాలి.

బీపీ 160/110 దాటితే గంటలోపు మందు పడాలి. ఫిట్స్‌కు, మన ఊళ్లలో గుర్రపువాతం అనేదానికి, మెగ్నీషియం సల్ఫేట్ మొదటి డోసు 14 గ్రాములు: 4 గ్రాములు సిరలోకి నెమ్మదిగా, 5 గ్రాముల చొప్పున రెండు పిర్రల్లోకి. గ్రాముకు ఒక ఆంప్యూల్ లెక్కన 14 ఆంప్యూళ్లు, విరుగుడుగా కాల్షియం గ్లూకొనేట్ ఒకటి, సిరంజిలతో సహా ఒకే డబ్బాలో సీలు వేసి పెట్టండి. తాళం స్టోర్ రూమ్‌లో ఉంటే మందు ఉన్నా లేనట్టే. పీహెచ్‌సీ నుంచి పంపేటప్పుడు పిర్రల్లో ఇచ్చే 10 గ్రాములు ఇచ్చాకే అంబులెన్స్ ఎక్కించాలి.

రక్తస్రావాన్ని కంటితో అంచనా వేయడమే పెద్ద తప్పు. గుడ్డల్లో ఇంకినది, బకెట్లో పోయినది సగం లెక్కకే రాదు. బిడ్డ పుట్టగానే తల్లి కింద గీతలున్న ప్లాస్టిక్ సంచి పరచండి. 300 మిల్లీలీటర్లు దాటి నాడి, బీపీ తేడాగా ఉన్నా, 500 దాటినా, కారణం వెతుకుతూ కూర్చోకుండా అన్నీ ఒకేసారి మొదలుపెట్టాలి: గర్భసంచి మర్దన, గర్భసంచి బిగిసేలా చేసే ఆక్సిటోసిన్, రక్తస్రావాన్ని తగ్గించే ట్రానెగ్జామిక్ యాసిడ్ 1 గ్రాము పది నిమిషాల్లో, సెలైన్, చిరుగులూ మాయ ముక్కలూ చూడటం. ఈ పద్ధతిని నాలుగు ఆఫ్రికా దేశాల్లోని 80 ఆసుపత్రుల్లో పరీక్షించారు. 2023లో వచ్చిన ఆ ఫలితాల్లో తీవ్ర రక్తస్రావం, దానివల్ల వచ్చే ఆపరేషన్, మరణం కలిపి 60 శాతం తగ్గాయి. ట్రానెగ్జామిక్ యాసిడ్ మూడు గంటలు దాటాక పనిచేయదు. ఆక్సిటోసిన్ 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. మన ఎండల్లో ట్రేలో పెట్టి వదిలేసిన ఆంప్యూల్‌ను నమ్మకండి.

నొప్పులు ఎలా సాగుతున్నాయో నమోదు చేయడానికి 2020లో వచ్చిన ప్రపంచ ఆరోగ్య సంస్థ లేబర్ కేర్ గైడ్ వాడండి. దాని ప్రకారం అసలు నొప్పుల దశ గర్భసంచి ముఖద్వారం 5 సెంటీమీటర్లు తెరుచుకున్న దగ్గర మొదలవుతుంది. తొలి కాన్పుకు అక్కడి నుంచి పన్నెండు గంటల దాకా పట్టవచ్చు. "గంటకో సెంటీమీటరు తెరుచుకోలేదు" అని థియేటర్‌కు తీసుకెళ్లే అలవాటు ఒకటో గుంపు సిజేరియన్లకు పెద్ద కారణం.

తోడుగా తల్లో అక్కో ఉంటే బాధ తగ్గుతుంది, తిట్లూ తగ్గుతాయి. ఒకే హాలులో నాలుగు మంచాలుంటే మధ్యలో కర్టెన్లు వేయండి, తోడును వద్దనకండి. కోయ, సవర, గోండి మాట్లాడే ప్రాంతాల్లో ఆ భాష వచ్చిన ఆశా కార్యకర్తకు అనువాదం పనికి జీతం ఇవ్వాలి. బంధువుల పిల్లాడితో అనువాదం చేయిస్తే గర్భస్రావాల సంగతి, భర్త కొట్టిన సంగతి ఆమె నోట రావు. ఇక బిడ్డ ఆడో మగో చెప్పడానికి మామూళ్లు అడిగే చోట, ఫిర్యాదు నంబరు లేబర్ రూమ్ బయట, డిశ్చార్జి కాగితం మీద ఉండాలి. డిశ్చార్జి అయిన మూడో రోజు బీమా సంస్థే ఫోన్ చేసి ఎవరికైనా డబ్బు ఇచ్చారా అని అడగాలి. ఆసుపత్రిలో ఉండగా అడిగితే ఎవరూ చెప్పరు.

ఇంటికి వెళ్లాక ఆరు వారాలు

కాన్పయ్యాక కనీసం 24 గంటలు ఉంచాలి. ఆ తర్వాత 48 నుంచి 72 గంటల మధ్య, రెండో వారంలో, ఆరో వారంలో చూడాలి. బీపీ ఉన్న తల్లికి మొదటి 72 గంటల్లో, మళ్లీ వారం పది రోజుల్లో తప్పకుండా కొలవాలి. ప్రమాదం కాన్పుతో పోదు. పసిబిడ్డ పచ్చకామెర్లను ఛామనఛాయ ఒంటి మీద కంటితో పట్టలేం, డిశ్చార్జికి ముందు చర్మం మీద పెట్టి కొలిచే మీటరుతో చూడాలి. గర్భంలో షుగర్ వచ్చినవాళ్లకు ఆరో వారంలో 75 గ్రాముల గ్లూకోజ్ పరీక్ష చేయాలి. బాలింత దిగులుకు పది ప్రశ్నల ఎడిన్‌బరో పట్టికను తెలుగులో, అత్తగారు పక్కన లేనప్పుడు అడగండి. తనకు తాను హాని చేసుకోవాలనిపించిందా అన్న పదో ప్రశ్నకు అవును అంటే మొత్తం మార్కులు ఎంతైనా అదే రోజు డాక్టరు చూడాలి. ఇంటి నుంచి పిలవడానికి టెలీ-మానస్ 14416 నంబరును కార్డు మీద ముద్రించండి.

ఈ చెకప్‌లకు విడిగా డబ్బు లేకపోవడమే అవి జరగకపోవడానికి కారణం. 58,000 ఒకే ధరలో ఐదు వేలు పక్కన పెట్టి, ఆరో వారం బీపీ, హిమోగ్లోబిన్, దిగులు పట్టిక మార్కులు అందాక చెల్లించండి. తల్లి రాలేకపోతే ఆశా కార్యకర్త ఇంటికి వెళ్లి తీసిన వివరాలూ చెల్లుతాయని, ఆమెకు ఆ ఐదు వేలలోంచి ప్రయాణ ఖర్చు, రోజు కూలి ఇవ్వాలని ఒప్పందంలో రాయండి. లేకపోతే దూరపు ఊళ్ల తల్లులనే ఆసుపత్రి జాబితాలోంచి వదిలేస్తుంది.