ఒక యూనిట్ పనితనాన్ని ఇంకో యూనిట్‌కు ఎలా చేర్చాలి?

మా కంపెనీకి విశాఖ ఆటోనగర్‌లో ఒక యూనిట్, హైదరాబాద్ దగ్గర పటాన్‌చెరులో ఇంకోటి ఉన్నాయి. ఇక్కడ కుదిరిన పద్ధతిని అక్కడికి చేర్చడం పదిహేనేళ్లుగా నా పని. చాలామంది పీపీటీ మెయిల్ చేసి, కాల్‌లో చదివి వినిపించి, షేర్ చేశామని టిక్కు పెట్టుకుంటారు. అలా ఫైలు చేరుతుంది కానీ పని చేరదు.

ముందు ఒకే ఒక్క పని ఎంచుకోండి. 'మెయింటెనెన్స్ మెరుగుదల' అంటే పని కాదు. 'పంపుకు మెకానికల్ సీల్ మార్చడం' అంటే పని. (పంపులో తిరిగే ఇరుసు, అంటే షాఫ్ట్, పక్క నుంచి ద్రవం కారకుండా ఆపే భాగమే ఈ సీల్.) తర్వాత అందులో చెయ్యి తిరిగిన ఫిట్టర్‌ని పట్టుకోండి, ఇంజినీర్‌ని కాదు. ఒక ఏ4 కాగితం, ఒక పెన్ను చాలు. కాగితం మీద మూడు కాలమ్‌లు గీయండి: ఏం చేయాలి, ఎలా చేయాలి, ఎందుకు అలాగే చేయాలి. 1940లో అమెరికాలో మొదలైన 'ట్రైనింగ్ వితిన్ ఇండస్ట్రీ' శిక్షణలో ఇలాంటి షీటే వాడేవారు. అందులో మొదట రెండు కాలమ్‌లే ఉండేవి, 'ఎందుకు' అనేది తర్వాత చేరింది. మొదటి రెండూ పావుగంటలో నిండిపోతాయి.

మూడో కాలమ్ దగ్గరే అందరూ దెబ్బతింటారు. నిదానంగా చదవండి.

మీటింగ్ రూమ్‌లో కూర్చోబెట్టి అడిగితే ఫిట్టర్ ఎస్ఓపీలో, అంటే కంపెనీ రాసిపెట్టిన పని పద్ధతిలో, ఉన్నదే అప్పజెబుతాడు. పంపు పక్కన, పని జరుగుతుండగా అడగాలి. కనీసం మూడుసార్లు చూడాలి, అందులో ఒకటి సి షిఫ్ట్, అంటే రాత్రి షిఫ్ట్, కావాలి. మొదటిసారి నోరు మెదపకండి. చెయ్యి ఆగిన చోటల్లా గుర్తు పెట్టుకోండి. మా ఫిట్టర్ గ్లాండ్ నట్లు (సీల్ మూతను పట్టి ఉంచే నట్లు) ఎదురెదురుగా కొంచెం కొంచెం బిగిస్తూ, ప్రతి విడతకూ ఆగి షాఫ్ట్‌ని చేత్తో తిప్పేవాడు. ఎస్ఓపీలో ఉన్నది 'సమానంగా బిగించాలి' అని మాత్రమే. "ఎందుకు ఆగావు బాబూ?" అంటే, "ఒక పక్కకి ఒరిగితే చేతికి తెలిసిపోద్ది సార్, గరగరమంటాది" అన్నాడు. ఆ మాటను అలాగే రాయండి. ఆఫీసు భాషలోకి మార్చారంటే అందులోని గరగర పోతుంది.

మామూలు మాటల్ని అసలు నమ్మకండి. ఒకసారి నేనే షీట్‌లో 'ఫేసులు శుభ్రంగా తుడవాలి' అని రాసి పంపాను. ఫేసులంటే సీల్‌లో ఒకదాన్నొకటి ఆనుకుని ఉండే నున్నటి ముఖాలు. వారం తిరక్కుండా అక్కడ సీళ్లు కారడం మొదలైంది. వెళ్లి చూస్తే కాటన్ వేస్ట్‌తో, అంటే నూలు పోగుల ఉండతో, తుడుస్తున్నారు. మా దగ్గర తుడవడమంటే నూలు రాలని గుడ్డతో, వేలు తగలకుండా. సీల్ ఫేసుల మధ్య ఒక్క పోగు చిక్కినా చాలు, లీకే. ఇద్దరం ఒకే మాట చదివాం, వేరే పని చేశాం. తప్పు నాది, మూడో కాలమ్ ఖాళీగా వదిలేశాను.

ఏది వదిలేయవచ్చో చెప్పేది కూడా ఆ కాలమే. ఇక్కడి ఉప్పుగాలికి తుప్పు పడుతుందని మేం స్పేర్ బోల్టులు ఆయిల్ పేపర్‌లో చుట్టి పెడతాం. కారణం రాసి ఉంటే పటాన్‌చెరు వాళ్లు ఆ శ్రమ తగ్గించుకునేవారు. ఇంటెల్ తన చిప్ ఫ్యాక్టరీల్లో 'కాపీ ఎగ్జాక్ట్‌లీ' అని యంత్రాల నుంచి సెట్టింగుల దాకా ఉన్నదున్నట్టు దించుతుంది. అన్నిచోట్లా ఒకే యంత్రాలు ఉన్నవాళ్లకు అది చెల్లుతుంది. మన రెండు యూనిట్లలో పంపులు తయారుచేసిన కంపెనీలే వేరు. మనం దించాల్సింది కారణాన్ని.

షీట్ తయారయ్యాక మెయిల్ చేయకండి. ఫిట్టర్‌ని గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కించండి. పోర్టల్స్, వీడియోలు అన్నీ చూశాను. చేతి బిగువు వీడియోలో కనబడదు. అక్కడ మనవాడు ఒక్కసారి చేసి చూపించాలి. తర్వాత వాళ్లు చేస్తుంటే చేతులు వెనక్కి కట్టుకుని నిలబడాలి. పానా లాక్కోకూడదు. ప్రతి దశకూ ఎందుకో వాళ్ల నోటితో చెప్పించాలి. కారణం చెప్పలేకపోతే ఆ దశ మళ్లీ చేయించాలి.

మూడు నెలలకు మీరే వెళ్లి పంపు దగ్గర అంటించిన షీట్ చూడండి. కొత్తగా మెరుస్తుంటే దాన్నెవరూ ముట్టుకోలేదన్నమాట, మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాలి. గ్రీజు వేళ్ల ముద్రలు, పెన్నుతో కొట్టివేతలు, పక్కన రాసుకున్న మాటలు ఉంటే ఆ కాగితాన్ని ఇక్కడికి తెచ్చి, మన పాతది పీకేసి అది అంటించండి.