మానసిక మందులు వాడుతూ ఒకచోట కూర్చోలేకపోతున్నారా? ఇంట్లో ఉన్న గ్యాస్ గోలీ కూడా చూడండి

సమస్య ఇలా మొదలవుతుంది. మందులతో కుదుటపడ్డారు అనుకున్న మనిషి ఉన్నట్టుండి ఇంట్లో తిరగడం మొదలుపెడతారు. హాల్లోంచి వంటింట్లోకి, అక్కడి నుంచి బాల్కనీలోకి. అన్నం ముందు కూర్చుని రెండు ముద్దలు తిని లేస్తారు. నిలబడమంటే ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదికి బరువు మారుస్తూనే ఉంటారు. ఏమైందని అడిగితే "గాబరాగా ఉంది" అంటారు. పాతబస్తీ వాళ్లయితే "బేచైనీ" అంటారు. ఇంట్లోవాళ్లు ఆ మాట విని, డాక్టర్ దగ్గర "మళ్లీ టెన్షన్ ఎక్కువైంది సార్" అని చెబుతారు. తప్పు అక్కడే జరుగుతుంది. టెన్షన్ అని వింటే డాక్టర్ టెన్షన్‌కే మందు రాస్తారు. కానీ ఇది మందుల వల్ల వచ్చే కూర్చోలేని బాధ కావొచ్చు, దాని పేరు అకథీసియా.

నేను డాక్టర్‌ని కాను. మా తమ్ముడితో పదకొండేళ్లుగా ఓపీల చుట్టూ తిరుగుతున్న అక్కను. ఆ బెంచీల మీద పక్కన కూర్చున్న ఎన్నో కుటుంబాలతో ఈ విషయం మాట్లాడాను. అందరినీ ముందు అడిగేది ఒకటే: కుదురు లేనిది మనసుకా, కాళ్లకా?

దిగులో భయమో అయితే ముందు ఒక ఆలోచన ఉంటుంది. ఏదో జరుగుతుందని, ఎవరో ఏదో అంటారని. దాని వెనకాల గుండె దడ వస్తుంది. అకథీసియాలో అలాంటి ఆలోచన ఏదీ లేకుండానే ఒళ్లు మనిషిని లేపుతుంది. నడిస్తే కాస్త తేలిక, కూర్చోగానే మళ్లీ మొదలు. 1901లో ప్రాగ్‌లో హాష్కోవెట్స్ అనే వైద్యుడు దీనికి పెట్టిన గ్రీకు పేరుకు అర్థమే కూర్చోలేకపోవడం. మా తమ్ముడు చెప్పిన మాట కూడా అదే: "అక్కా, కూసుందామంటే కాళ్లు ఊకుంటలేవు." ఎర్రగడ్డలో మెట్రో ఎక్కితే, సీట్లు ఖాళీగా ఉన్నా ఎల్బీ నగర్ దాకా బోగీలో ఆ చివరికీ ఈ చివరికీ నడుస్తూనే ఉన్నాడు.

మిగతాది చదివే ముందు ఒక మాట. ఈ బాధలో ఉన్న మనిషి "నాకు బతకాలని లేదు" అంటే ఓదార్చి ఊరుకోకండి. అకథీసియా తీవ్రంగా ఉన్నప్పుడు ఆత్మహత్య ఆలోచనలు నిజంగానే వస్తాయి. ఒంటరిగా వదలకండి. అపాయింట్‌మెంట్ వచ్చే వారం ఉందని ఆగకుండా అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్లండి. టెలీ మానస్ నంబరు 14416 రాత్రీ పగలూ పని చేస్తుంది, తెలుగులోనే మాట్లాడొచ్చు. ప్రాణం మీదికి వచ్చేలా ఉంటే 108.

డోసు ఈమధ్య మారిందా?

మందు కొత్తగా మొదలుపెట్టినా, డోసు పెంచినా, కొన్ని రోజుల నుంచి ఆరు వారాల లోపు ఇది వస్తే పెద్దగా వెతకక్కర్లేదు. హాలోపెరిడాల్, రిస్పెరిడోన్, అరిపిప్రజోల్, కారిప్రజైన్‌లతో ఇది తెలిసిన విషయమే. ఫ్లూయాక్సిటిన్, సెర్ట్రలిన్ లాంటి డిప్రెషన్ మందులతోనూ వస్తుంది. క్వెటియాపిన్, క్లోజాపిన్‌లతో తక్కువ. డాక్టర్ డోసు తగ్గిస్తారు, మెల్లగా పెంచుతారు, లేదా మందు మారుస్తారు.

ఇక్కడ రెండు పొరపాట్లు చూస్తుంటాను. ఒకటి, భయపడి మందు మొత్తం ఆపేయడం. అలా చేస్తే అసలు జబ్బు తిరగబెట్టొచ్చు. పైగా ఒక్కసారిగా ఆపినందుకే అకథీసియా వచ్చేవాళ్లూ ఉన్నారు. రెండోది, డోసు తగ్గించాక రెండు రోజులు చూసి "ఏం తగ్గలేదు" అనడం. అరిపిప్రజోల్ ఒంట్లోంచి సగం పోవడానికే మూడు రోజుల పైన పడుతుంది, దాదాపు అంతా పోవడానికి రెండు వారాలు. నెలకోసారి ఇంజెక్షన్ తీసుకునేవాళ్లకు ఇంకా ఎక్కువే పడుతుంది. ఆగండి, కానీ బాధ పెరుగుతుంటే డాక్టర్‌కి ఫోన్ చేయడం మానకండి.

డోసు మారలేదు. అయినా తిరుగుతున్నారు.

మమ్మల్ని మూడు వారాలు ఏడిపించింది ఇదే.

తమ్ముడు రెండేళ్లుగా రిస్పెరిడోన్ 4 మిల్లీగ్రాముల మీద బాగున్నాడు. చిన్న ఉద్యోగం, ఆదివారం స్నేహితులతో చాయ్, అంతా కుదిరింది. ఒక వారం నుంచి తిరుగుడు మొదలైంది. చీటీ చూశాం, డోసు అదే. ఒక్క రోజు కూడా గోలీ మానలేదు. "జబ్బు తిరగబెట్టినట్టుంది" అని మేమే డాక్టర్‌తో అన్నాం. మేము చెప్పినదాన్ని బట్టి ఆయన 6 చేశారు. మరుసటి వారం వాడికి నిద్ర లేదు. రాత్రి రెండింటికి మెట్లు ఎక్కీ దిగీ కాళ్లు వాచిపోయాయి.

ఒక రోజు దుప్పట్లు దులుపుతుంటే దిండు కింద ఒక స్ట్రిప్పు దొరికింది. అది వాడి మందు కాదు. మా అమ్మకు కడుపుబ్బరానికి ఒక ఫిజీషియన్ రాసిన క్యాప్సూల్. "వానికి కడుపు ఉబ్బుతున్నదంటే ఇచ్చిన బిడ్డా, నాకు మంచిగైంది కదా" అంది అమ్మ. వెనక చిన్న అక్షరాల్లో ఇలా ఉంది: రాబిప్రజోల్ 20, లీవోసల్పిరైడ్ 75.

రాబిప్రజోల్ యాసిడ్ తగ్గించేది, దానితో ఈ గొడవ లేదు. లీవోసల్పిరైడ్ వేరు. అది కడుపు కదలికను పెంచుతుందని గ్యాస్ మందుల్లో కలుపుతారు కానీ, అది చేసే పని డోపమైన్ అనే మెదడు రసాయనాన్ని అడ్డుకోవడం. రిస్పెరిడోన్ చేసే పనీ అదే. అంటే మా తమ్ముడు డోపమైన్‌ను అడ్డుకునే మందులు రెండు వేసుకుంటున్నాడు, డాక్టర్‌కి తెలిసింది ఒకటే. మానసిక మందు ఏదీ వాడని మనిషికి కూడా ఈ క్యాప్సూల్‌తో కూర్చోలేని బాధ, చేతుల వణుకు, మొహం బిగుసుకుపోవడం రావచ్చు. మందు వాడేవాళ్లకు వస్తే అందరూ జబ్బునే అనుమానిస్తారు.

ఇది దొరకకుండా ఎలా తప్పించుకుంటుందో చూడండి. మన ఇళ్లలో గ్యాస్ గోలీని ఎవరూ మందుగా లెక్కపెట్టరు. డాక్టర్ "వేరే మందులేమైనా వాడుతున్నారా" అంటే నోరు తెరవకుండా తల అడ్డంగా ఊపేస్తాం. బస్తీ మెడికల్ షాపులో చీటీ లేకుండా ఇస్తారు. అన్నిటికన్నా ఘోరం, ఇది తనను తానే పెంచుకుంటుంది. కూర్చోలేకపోతున్న మనిషిని చూసి పెద్దవాళ్లు "గ్యాస్ పట్టింది, అందుకే గాబరా" అంటారు, ఇంకో క్యాప్సూల్ ఇస్తారు. బాధ ఇంకా పెరుగుతుంది. వణుకుకు రాసే ట్రైహెక్సీఫెనిడిల్ మలబద్ధకం తెస్తుంది, దానికీ మళ్లీ ఇదే క్యాప్సూల్.

కాబట్టి చేయాల్సింది ఇది. మీ మనిషి చీటీ కాదు, ఇంట్లో ఉన్న ప్రతి స్ట్రిప్పునూ టేబుల్ మీద పరవండి. అమ్మవి, నాన్నవి, ఫ్రిజ్ మీద డబ్బాలోవి, ఆఫీసు బ్యాగులోవి, అన్నీ. పేరు చదివి ఊరుకోకుండా వెనక ఏ మందులు కలిపారో చదవండి. లీవోసల్పిరైడ్ మొదట చూడాలి. తర్వాత వాంతులకు వాడే మెటోక్లోప్రమైడ్, కళ్లు తిరగడానికి ఇచ్చే ప్రోక్లోర్‌పెరజిన్, సినరిజిన్, మైగ్రేన్‌కు రాసే ఫ్లూనరిజిన్. వాంతులని ఎక్కడైనా ఇంజెక్షన్ చేయించుకుంటే అది ఏదో కూడా కనుక్కోండి. మెటోక్లోప్రమైడ్ నరానికి ఎక్కిస్తే అదే రోజు, ఒక్కోసారి నిమిషాల్లోనే బాధ మొదలవుతుంది.

గ్యాస్ మందుల పేరు చివర డి ఉంటే ఎక్కువగా డామ్‌పెరిడోన్, ఎల్ ఉంటే ఎక్కువగా లీవోసల్పిరైడ్. అక్షరాన్ని నమ్మకండి, వెనక చదవండి. డామ్‌పెరిడోన్ మెదడులోకి పెద్దగా వెళ్లదు, అందుకే ఈ బాధ తక్కువ. అయినా సొంతంగా దానికి మారకండి, మానసిక మందులతో కలిసినప్పుడు గుండె లయ గురించి డాక్టర్ ఆలోచించాలి.

మా ఇంట్లో క్యాప్సూల్ ఆపాం, స్ట్రిప్పు తీసుకెళ్లి డాక్టర్‌కి చూపించాం. ఆయన డోసు మళ్లీ 4కి తెచ్చి, కొన్ని రోజుల కోసం ఈ బాధ తగ్గించే ప్రొప్రనలాల్ రాశారు. పదో రోజున తమ్ముడు కంచం ముందు కూర్చుని పెరుగన్నం దాకా తిన్నాడు. అమ్మ వంటింట్లోకి వెళ్లి ఏడ్చింది.

ఇంకో జోడీ కూడా గుర్తుంచుకోండి. ఫ్లూయాక్సిటిన్, పరాక్సిటిన్ కొత్తగా చేరిస్తే అవి కాలేయంలో రిస్పెరిడోన్, అరిపిప్రజోల్ విరిగే దారిని అడ్డుకుంటాయి. గోలీ అదే, రక్తంలో మందు మాత్రం పెరుగుతుంది.

ఉపశమనం మందులు

బీపీకి కూడా వాడే ప్రొప్రనలాల్ చాలామందికి పని చేస్తుంది. కానీ ఆస్తమా ఉన్నా, బీపీ లేదా నాడి తక్కువగా ఉన్నా, షుగర్‌కు మందు వాడుతున్నా ముందే చెప్పాలి. పక్కింటివాళ్ల బీపీ గోలీ అడిగి వేసుకునేది కాదు. కొందరికి రాత్రి పూట మిర్టజపిన్, కొందరికి కొద్ది రోజులు క్లోనజెపామ్ రాస్తారు. ట్రైహెక్సీఫెనిడిల్ వణుకుకూ బిగుసుకుపోవడానికీ పని చేస్తుంది, కూర్చోలేకపోవడానికి పెద్దగా కాదు. అది వేసుకున్నా తగ్గలేదంటే ఇక మందే లేదని నిరాశపడకండి.

ఐరన్ తక్కువైనా, థైరాయిడ్ ఎక్కువైనా, మద్యం ఒక్కసారిగా మానినా ఇలాంటిది ఉండొచ్చు. ఐరన్, థైరాయిడ్ సంగతి ఒకసారి రక్త పరీక్ష చేయిస్తే తేలిపోతుంది. సాయంత్రం, రాత్రి పడుకున్నప్పుడు మాత్రమే పిక్కల్లో పాకినట్టుండి పగలు ఏమీ లేకపోతే అది రెస్ట్‌లెస్ లెగ్స్ అనే వేరే జబ్బు కావొచ్చు, ఆ మాటా డాక్టర్‌కి చెప్పండి.

తగ్గేదాకా ఇంట్లో

"కుదురుగా కూర్చో" అని అరవకండి. కూర్చోవడం వాళ్ల చేతిలో లేదు. నడవనివ్వండి, వీలైతే పక్కన నడవండి. మేము రాత్రుళ్లు డాబా మీద వంతులు వేసుకున్నాం, ఒక గంట నేను, ఒక గంట నాన్న. అన్నం నిలబడి తినొచ్చు, గిన్నెలో కలిపి చేతికివ్వండి. చాయ్ తగ్గిస్తే కొంత మేలు, కానీ కారణం చాయ్ కాదు.

ఓపీకి వెళ్లే ముందు రోజు ఇంట్లో కుర్చీలో కూర్చోబెట్టి రెండు నిమిషాలు, నిలబెట్టి రెండు నిమిషాలు ఫోన్‌లో వీడియో తీయండి. ఈ బాధను కొలవడానికి 1989లో బార్న్స్ అనే వైద్యుడు తయారు చేసిన కొలమానంలో కూడా డాక్టర్లు రెండు భంగిమల్లోనూ కనీసం అంతసేపు చూడాలి. రద్దీలో అంత సమయం దొరకదు, పైగా డాక్టర్ ఎదుట మన మనిషి బలవంతంగా ఒక నిమిషం కాళ్లు బిగబట్టుకుని కూర్చుంటారు. వీడియోతో పాటు స్ట్రిప్పులన్నీ ఒక సంచిలో వేసుకెళ్లండి, ఒక కాగితం మీద ఏ మందు ఏ తేదీన మొదలైందో, తిరుగుడు ఏ తేదీన మొదలైందో రాయండి. లోపలికి వెళ్లగానే "టెన్షన్" అనే మాట వాడకుండా "కూర్చోలేకపోతున్నాడు సార్, నడిస్తే తేలికవుతుంది" అని చెప్పి ఆ కాగితం బల్ల మీద పెట్టండి.