హెచ్-4 మీద ఉండగా విడిపోతే: డిక్రీ కంటే ముందే చేయాల్సినవి

అమెరికాలో హెచ్-4 (హెచ్-1బీ ఉద్యోగి భార్య లేదా భర్తగా వచ్చే డిపెండెంట్ వీసా) మీద ఉన్నవాళ్లకి కాపురంలో గొడవ ముదిరితే ముందు వినిపించే బెదిరింపు "నీ వీసా క్యాన్సిల్ చేయిస్తా" అని. భయపడకండి. వేరే ఇంట్లో ఉంటున్నంత మాత్రాన, కోర్టులో కేసు నడుస్తున్నంత మాత్రాన హెచ్-4 పోదు. చట్టప్రకారం పెళ్లి నిలిచి ఉండి, అవతలివాళ్ల హెచ్-1బీ (ఉద్యోగ వీసా) సక్రమంగా ఉండి, మీ ఐ-94 (అమెరికాలో ఎప్పటిదాకా ఉండొచ్చో చెప్పే రికార్డు) గడువు మిగిలి ఉంటే మీ స్టేటస్ చెల్లుతుంది.

అది పోయేది విడాకుల డిక్రీ (కోర్టు తీర్పు) ఖరారైన రోజున. హెచ్-4 ఈఏడీ (వర్క్ పర్మిట్ కార్డు) మీద ఉద్యోగం చేస్తుంటే ఆ హక్కూ ఆరోజే పోతుంది, కార్డు మీద ఇంకెంత గడువున్నా సరే. చాలామంది 60 రోజుల గ్రేస్ పీరియడ్ ఉంటుందనుకుని ఇక్కడే దెబ్బతింటారు. ఆ 60 రోజులు హెచ్-1బీ ఉద్యోగం పోయిన సందర్భానికి, విడాకులకి కాదు.

కాబట్టి తేదీలు లెక్కేసుకోండి. టెక్సస్‌లో పిటిషన్ వేసిన 60 రోజులకే విడాకులు రావచ్చు. కాలిఫోర్నియాలో నోటీసు అందాక కనీసం ఆరు నెలలు పడుతుంది. ఆలోపే మీ స్టేటస్ మార్పు దరఖాస్తు యూఎస్‌సీఐఎస్‌కి (అమెరికా ఇమిగ్రేషన్ శాఖకి) చేరాలి. ఫ్యామిలీ లాయరుకి ఇమిగ్రేషన్ లెక్కలు తెలియకపోవచ్చు. ఇమిగ్రేషన్ లాయరుతో మాట్లాడాకే సెటిల్‌మెంట్ మీద సంతకం పెట్టండి.

ఎక్కువమంది పట్టే దారి ఎఫ్-1, అంటే స్టూడెంట్ వీసా. కాలేజీలో సీటు, ఐ-20 (కాలేజీ ఇచ్చే అర్హత పత్రం), 350 డాలర్ల సెవిస్ (విదేశీ విద్యార్థుల రికార్డు వ్యవస్థ) ఫీజు, ఆపైన ఐ-539 (స్టేటస్ మార్పు దరఖాస్తు). చిక్కంతా ఐ-20 కోసం చూపించే డబ్బు దగ్గర వస్తుంది. విడిపోతున్న భర్త ఖాతా చూపిస్తే అది రేపు నిలవదు. మీ పేరిట ఉన్న డబ్బో, అమ్మానాన్నల ఖాతా, వాళ్ల స్పాన్సర్ పత్రమో చూపండి. ఐ-539 పెండింగ్‌లో ఉండగా ఇండియా వెళ్తే ఆ దరఖాస్తు వదులుకున్నట్టే లెక్క. అది అప్రూవ్ అయ్యేదాకా క్యాంపస్ ఉద్యోగం కూడా చేయకూడదు.

గతంలో మీకు హెచ్-1బీ ఉండి లాటరీ కోటాలో (ఏటా లాటరీ తీసి ఇచ్చే హెచ్-1బీల పరిమితిలో) లెక్కయి ఉంటే, మిగిలిన కాలానికి కంపెనీ మళ్లీ లాటరీ లేకుండా పిటిషన్ వేయొచ్చు. హెచ్-4 మీద గడిపిన ఏళ్లు హెచ్-1బీకి ఉన్న ఆరేళ్ల పరిమితిలోకి రావు. యూనివర్సిటీ ఉద్యోగాలకైతే అసలు లాటరీయే ఉండదు.

కొట్టడం, తిండికి డబ్బివ్వకపోవడం, పాస్‌పోర్టు లాక్కోవడం లాంటివి జరిగి ఉంటే దారులు వేరు. భర్త హెచ్-1బీ మీద ఉంటే ఐ-765వీ అనే ఫారం వేసి మీ సొంత వర్క్ పర్మిట్ అడగొచ్చు. హింస కారణంగా విడాకులైతే ఆ తర్వాత రెండేళ్ల వరకూ ఈ అవకాశం ఉంటుంది. అయితే దీనితో స్టేటస్ రాదు, పని చేసుకునే అనుమతి మాత్రమే. భర్త సిటిజన్ లేదా గ్రీన్ కార్డు హోల్డరైతే వావా (గృహహింస బాధితులకి రక్షణనిచ్చే చట్టం) కింద మీరే ఐ-360 పిటిషన్ వేసుకోవచ్చు. గృహహింసపై పోలీసులకి సహకరించినవాళ్లకి యూ వీసా ఉంది కానీ, ఏడాదికి 10,000 మాత్రమే కావడంతో నిరీక్షణ ఏళ్ల తరబడి సాగుతుంది. ప్రమాదం కనిపిస్తే 911కి, సలహాకి గృహహింస హాట్‌లైన్ 1-800-799-7233కి ఫోన్ చేయండి.

ఉద్యోగం ద్వారా గ్రీన్ కార్డు ఇప్పటికే వచ్చి ఉంటే విడాకులతో దానికి ఢోకా లేదు. భర్త కేసు మీద వేసిన ఐ-485 (గ్రీన్ కార్డు దరఖాస్తు) ఇంకా పెండింగ్‌లో ఉంటే మాత్రం డిక్రీతో అది పోతుంది.

ఇల్లు వదిలేలోపు పాస్‌పోర్టు, ఐ-94, మీ ఇద్దరి ఐ-797లు (అప్రూవల్ నోటీసులు), ఆయన ఐ-140 (కంపెనీ వేసే గ్రీన్ కార్డు పిటిషన్) నంబరు, పే స్టబ్‌లు, పెళ్లి సర్టిఫికెట్, ట్యాక్స్ రిటర్నుల ఫొటోలు మీ సొంత ఈమెయిల్‌కి పంపుకోండి. ఐ-94 సీబీపీ (అమెరికా కస్టమ్స్, సరిహద్దు శాఖ) వెబ్‌సైట్‌లో మీరే తీసుకోవచ్చు. మిగతావి ఆయన ఇవ్వనంటే హెచ్-4 పొడిగింపు దగ్గరే ఆగిపోతారు. ఇల్లు మారాక పది రోజుల్లో ఏఆర్-11 (చిరునామా మార్పు ఫారం) వేయండి, లేకపోతే నోటీసులు పాత ఇంటికే వెళ్తాయి.

హిందూ వివాహ చట్టం కింద పెళ్లయినవాళ్లు ఇంకొకటి చూసుకోవాలి. ఒకరు అమెరికాలో ఏకపక్షంగా తెచ్చుకున్న డిక్రీ మన దేశంలో చెల్లదని, తిరుపతిలో పెళ్లయిన ఒక జంట కేసులో సుప్రీంకోర్టు 1991లోనే చెప్పింది. అయినా అమెరికా దృష్టిలో ఆ డిక్రీతోనే మీ హెచ్-4 ముగుస్తుంది, కాబట్టి సమన్లు వస్తే తప్పకుండా జవాబివ్వండి.