పెళుసెక్కిన పాత పత్రికలకు అతుకు వేయడం

1920ల నాటి పత్రికల సంపుటం తెరవగానే ముందు రాలేవి అంచులే. న్యూస్‌ప్రింట్ చెక్క గుజ్జుతో చేసింది. అందులోని లిగ్నిన్‌కు (చెక్కలో సహజంగా ఉండే పదార్థం), తయారీలో వేసే పటిక ఆమ్లానికి ఉక్కపోత తోడైతే పీచు తెగి కాగితం అప్పడంలా అవుతుంది. అదే బీరువాలో ఇంకా పాత చేతికాగితం దస్తావేజు మెత్తగానే ఉండొచ్చు. మూల మడిచి చూసే పరీక్ష పుట మీద వద్దు, అడుగున రాలిన ముక్క మీద చేయండి. రెండు మడతలకే విరిగిందా, ఇక ఆ సంపుటాన్ని పాఠకుల చేతికి ఇవ్వకూడదు.

దుమ్ము మేకవెంట్రుకల బ్రష్‌తో, పుట మధ్య నుంచి అంచుల వైపుకి దులపాలి. బూజు కనిపిస్తే ఆగండి. విడిగా పెట్టి, పూర్తిగా ఆరాకే, మాస్క్ కట్టుకుని, ఆరుబయట దులపాలి. చేతిరాత దస్తావేజైతే ఒక అక్షరం కొసన డిస్టిల్డ్ వాటర్ చుక్క వేసి అద్దుడు కాగితంతో నొక్కండి. రంగు అంటితే దానికి తడి జిగురు పనికిరాదు.

జిగురుకు మైదా వద్దు, అందులోని గ్లూటెన్ (సాగే మాంసకృత్తు) బిగుసుకుంటుంది. పురుగు పట్టకుండా బైండింగ్ వాళ్లు కలిపే మైలుతుత్తం అసలే వద్దు, అందులోని రాగి లోహం కాగితాన్ని ఇంకా త్వరగా చెడగొడుతుంది. గోధుమ స్టార్చ్ (గ్లూటెన్ తీసేసిన గోధుమ గంజిపొడి) ఒక వంతు, డిస్టిల్డ్ వాటర్ ఐదు వంతులు. అరగంట నానబెట్టి, సన్నని సెగ మీద 25–30 నిమిషాలు చెయ్యి ఆపకుండా కలపండి. పాలలా తెల్లగా ఉన్నది చిక్కబడి, అద్దంలా నిగనిగలాడాలి. చల్లారాక సన్నని జల్లెడలో రెండుసార్లు రుద్దండి. ఫ్రిజ్‌లో నాలుగు రోజులు ఉంటుంది, పులిసిన వాసన వస్తే పారబోయడమే.

అతుకుకు చదరపు మీటరుకు 5–9 గ్రాములు తూగే జపనీస్ టిష్యూ (పొడవాటి పీచుతో చేసే పలచని కాగితం) వాడాలి. కత్తెరతో కోస్తే ఆ తిన్నని అంచు వెంబడే పుట మళ్లీ విరుగుతుంది. తడి బ్రష్‌తో గీత గీసి చేత్తో లాగండి, పీచు కుచ్చులా తేలుతుంది. చిరుగుకు అటూ ఇటూ మూడేసి మిల్లీమీటర్లు చాలు. జిగురు పలచగా రాసి, తడి మెరుపు పోయేదాకా ఆగి, పట్టకారుతో పరచండి. ఇక్కడే ఎక్కువమంది తొందరపడతారు. న్యూస్‌ప్రింట్‌లో నీరు పాకితే దాని అంచున గోధుమరంగు మరక తేలుతుంది, అది పోదు.

పైనా కిందా పాలిస్టర్ వెబ్ (జిగురు అంటుకోని పలచని గుడ్డ), అద్దుడు కాగితం, గాజు పలక, కిలో బరువు. ఐదు నిమిషాలకు అద్దుడు కాగితం మార్చి, రెండు గంటలు కదపకండి. ముందే తీస్తే పుట ముడతలు పడుతుంది.

అతుకు ఎప్పుడూ పుట కన్నా బలహీనంగా ఉండాలి, లాగితే తెగేది అతుకే కావాలి. ఫెవికాల్ ఆరాక నీటితో ఊడదు. సెల్లోటేపు కన్నా చిరుగే నయం. లామినేషన్ సంగతి చెప్పనే అక్కర్లేదు.

1918లో మొదలైన వేటపాలెం సారస్వత నికేతనం లాంటి తీరప్రాంతపు గ్రంథాలయాలకు తేమే అసలు శత్రువు. పగలు ఏసీ వేసి రాత్రి ఆపేస్తే తేమ రోజూ ఎక్కిదిగుతుంది. అంతకన్నా బయటి గోడకు జానెడు దూరంలో బీరువా పెట్టి, గాలి ఆడనివ్వడం మేలు. రాలిన ముక్కల్ని చిమ్మేయకండి. పత్రిక పేరు, తేదీ, పుట సంఖ్య పెన్సిల్‌తో రాసిన కవర్లో వేసి, అదే పెట్టెలో ఉంచండి.