పూజకు పాత పాటా కొత్త పాటా, ఎట్లా ఎంచుకోవాలంటే

మా కడప దిక్కు కతోలిక గుళ్లో పూజ (మాస్) పాటలకి శనివారం సాయంత్రం కోయర్, అంటే పాటల బృందం, చేసే ప్రాక్టీసులో ఎప్పుడూ ఇదే పంచాయితీ, యూత్ వాళ్లు యూట్యూబ్‌లో విన్న కొత్త పాట కావాలంటారు, పెద్దోళ్లు హార్మోనియం మీద పాడుకున్న పాత కీర్తనే కావాలంటారు. ఏళ్లుగా కోయర్‌లో కీబోర్డు వాయిస్తున్నా, పాతదా కొత్తదా అని మొదలుపెడితే అది తెల్లారినా తెగదు. ముందు ఆ పాట పూజలో ఎక్కడ వస్తుందో చూడండి.

కొన్నిచోట్ల మనకు ఛాయిస్సే లేదు. మహిమ గీతం, పరిశుద్ధుడు, దేవుని గొర్రెపిల్ల అనే మూడు పాటలూ పూజ పుస్తకంలో ఉన్న మాటలతోనే పాడాలి, ట్యూన్ వేరేది పెట్టుకోవచ్చు గానీ దగ్గరగా ఉంది కదా అని ఇంకో పాట పాడకూడదు. మొదటి బైబిల్ పఠనం తర్వాత పాడే బైబిల్ కీర్తనా అంతే, అది దేవుని వాక్యం కాబట్టి దాని బదులు మామూలు పాట పెట్టకండి. ఇక ప్రవేశం, కానుకలు, సత్ప్రసాదం (కమ్యూనియన్), చివరి పాట దగ్గర మనం ఎంచుకోవచ్చు.

1963లో రెండో వాటికన్ మహాసభ (ప్రపంచంలోని కతోలిక బిషప్పుల సభ) ఆరాధన మీద ఇచ్చిన పత్రంలో గ్రెగోరియన్ గానానికి, అంటే లాటిన్‌లో పాడే పాత చర్చి గానానికి, మొదటి చోటు ఇచ్చారు, అందులోనే ఆయా ప్రాంతాల సొంత సంగీతాన్ని గౌరవించాలనీ, జనమంతా పూజలో పాల్గొనాలనీ చెప్పారు. కాబట్టి డోలక్ తప్పు కాదు, కొత్త ట్యూనూ తప్పు కాదు, జనం నోరు మూసుకుని కూర్చుంటే మాత్రం ఎక్కడో తప్పు చేసినట్టే.

ఒకసారి మేం బాగా కష్టపడి ఒక కొత్త పాట పాడినాం. పూజ అయ్యాక వెనక చాప మీద కూర్చునే అవ్వ వచ్చి "పాట బాగుండాది నాయనా, యాడ అందుకోవాల్నో తెలీల్యా" అనింది. ఆ మాట నాకు బాగా తగిలింది. అప్పట్నుంచి కీబోర్డు, రిథమ్ ఆపేసి ఉత్త గొంతుతో పల్లవి పాడి చూస్తాం, రెండోసారికే పక్కోళ్లు అందుకుంటే ఆ పాట ఉంచుతాం, లేకపోతే క్రిస్మస్ ప్రోగ్రాంకి దాచుకుంటాం. శృతి కూడా చూసుకోండి, రికార్డింగ్‌లో సింగర్ పాడిన పైస్థాయి జనానికి అందదు, ట్రాన్స్‌పోజ్ నొక్కి రెండు మెట్లు దించితే గుడంతా పాడుతుంది. రికార్డు చేసిన మ్యూజిక్ ట్రాక్ పెట్టి పాడడం మాత్రం నాకు అస్సలు నచ్చదు, కానుకల పాటప్పుడు ఫాదర్ చేతులు కడుక్కోవడం అయిపోయినా ట్రాక్‌లో ఇంకా రెండో చరణమే నడుస్తుంటుంది.

మాటలు కూడా ఒకసారి చదవండి. సత్ప్రసాదం పాటలో క్రీస్తు శరీర రక్తాల గురించో, అందరం ఒక్కటవడం గురించో ఉండాలి, మొత్తం నా కష్టాలు నా కన్నీళ్లు అని ఉంటే అది ప్రార్థన కూటానికి బాగుంటుంది. అనుమానం ఉంటే ఫాదర్‌కి ముందే చూపించండి.

ఈస్టర్‌కి ముందొచ్చే తపస్సుకాలంలో అల్లెలూయా ఉండదు, ఆదివారాల్లో మహిమ గీతమూ ఉండదు, వాయిద్యాలు పాటకు ఆసరాగా మాత్రమే వాయించాలి, ఈ వాయిద్యాల నియమానికి ఆ కాలంలో నాలుగో ఆదివారంనాడూ పండుగలనాడూ మినహాయింపు ఉంది. తపస్సుకాలంలో మేం రిథమ్ ప్యాడ్స్ తీసేసి హార్మోనియం ఒక్కటే పెడతాం, పాత పాటలు అప్పుడే బాగా పలుకుతాయి.

కొత్త పాట నెలకి ఒకటి చాలు. పూజకి పది నిమిషాల ముందు పల్లవి రెండుసార్లు నేర్పించి, వరసగా మూడు నాలుగు ఆదివారాలు అదే పాడండి, పల్లవిని పెద్ద అక్షరాల్లో ప్రింట్ తీసి వెనక వరసల్లో ముందు పంచండి.