ఒకే నెగటివ్, రెండు ప్రింట్లు: పోల్చి చూడటం ఎలా?

నలుపు-తెలుపు ఫొటోకు డార్క్‌రూమ్ ప్రింటా, ఇంక్‌జెటా అని తేల్చుకోవాలంటే ఒకే నెగటివ్ నుంచి రెండూ తీయాలి. ఒకటి ఎన్‌లార్జర్ (నెగటివ్‌ను పెద్దది చేసి కాగితం మీద పడేసే యంత్రం) కింద, వెలుగుకు స్పందించే వెండి పూత ఉన్న బ్రోమైడ్ పేపర్ మీద, ఇంకొకటి స్కాన్ చేసి ఇంక్‌జెట్‌లో. సైజు రెండింటికీ 8×10 అంగుళాలే ఉండాలి. వేర్వేరు ఫొటోలు పెట్టి వాదించుకుంటే ఏదీ తేలదు.

నేను నల్గొండ పక్కనే ఉన్న పానగల్ ఛాయా సోమేశ్వరాలయంలో తీసిన నెగటివ్ వాడతాను. బయట కళ్లు చెదిరే ఎండ, లోపల రాతి స్తంభాలు, వాటి వెనక గర్భగుడి చీకటి. తెలుపు నుంచి నలుపు దాకా అన్నీ అందులోనే ఉన్నాయి. నల్గొండ వాళ్లకు ఇంతకన్నా మంచి పరీక్ష ఏముంటుంది!

డార్క్‌రూమ్‌లో డెవలపర్ (కాగితం మీద బొమ్మను తేల్చే ద్రావణం) 20 డిగ్రీల దగ్గర ఉండాలి. మే నెలలో మన కుళాయి నీళ్లే కాగినట్టు వస్తాయి కాబట్టి ట్రేని ఐసు వేసిన టబ్‌లో పెట్టండి. లేదంటే బొమ్మ గబగబా నల్లబడి చేయి దాటిపోతుంది. ఫైబర్ పేపర్ (ప్లాస్టిక్ పూత లేని ఫొటో కాగితం) ఆరాక ఇంకాస్త ముదురుతుంది, తడి మీద చూసి తీర్పు చెప్పకండి. బొమ్మను స్థిరపరిచే హైపో రసాయనం పోయేలా బాగా కడగండి, లేకపోతే కొన్నేళ్లకు పసుపు మరకలొస్తాయి.

ఇంక్‌జెట్‌కు నలుపుతో పాటు బూడిదరంగు ఇంకులు కూడా ఉన్న పిగ్మెంట్ ప్రింటర్ (సన్నటి రంగు రేణువుల ఇంకు వాడేది), బరైటా పేపర్ (బేరియం సల్ఫేట్ పూత ఉన్న కాగితం) కావాలి. రంగు ఇంకులు కలిపి బూడిదరంగు పుట్టించే ప్రింటరైతే ఎండలో ఒకలా, ట్యూబ్‌లైట్ కింద ఇంకోలా, ఆకుపచ్చగానో గులాబీగానో కనిపిస్తుంది. అందుకే రెండు ప్రింట్లనూ ఒక రోజు ఆరనిచ్చి, పొద్దున వరండా వెలుగులో ఒకసారి, రాత్రి లైటు కింద ఒకసారి చూడండి. కాస్త వంచి చూస్తే ఇంక్‌జెట్ నలుపు మీద ఒక్కోసారి కంచు మెరుపు తేలుతుంది.

ఇంక్‌జెట్‌లో నలుపు పలచన అనే మాట మంచి బరైటా మీద ఇప్పుడు చెల్లదు. తేడా వేరేచోట ఉంది. స్తంభం అంచు నీడలో కలిసే చోట భూతద్దం పెట్టండి. సిల్వర్ ప్రింట్‌లో, అంటే డార్క్‌రూమ్ ప్రింట్‌లో, ఫిల్మ్ గ్రెయిన్ (ఫిల్మ్ రేణువుల వల్ల కనిపించే చుక్కలు) జెలటిన్ పొర లోపల ఉంటుంది. ఇంక్‌జెట్‌లో ఆ గ్రెయిన్ కూడా సన్నటి ఇంకు చుక్కలతో గీసిందే. నా ఓటు ఆ అంచు దగ్గర సిల్వర్‌కే. పది కాపీలు అచ్చం ఒకేలా కావాలంటే మాత్రం ఇంక్‌జెటే తీయిస్తాను.

ఫ్రేము కట్టి అద్దం వేశాక ఈ తేడాల్లో సగం కనిపించవు. పోలిక అంతకుముందే ముగించండి.